తొర్రవాసులు, తల్లిమాను: తరచుగా అడిగే ప్రశ్నలు

తొర్రవాసులు నేను కల్పించిన జీవులు. వేరే గ్రహం మీద, తల్లిమాను అనే చెట్ల తొర్రల్లో ఉంటారు. హైదరాబాద్‌లో నా కథలు చదివినవాళ్లు, బడిపిల్లలు, వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. గ్రహం కల్పితమే. కానీ చెట్టు ఎలా బతుకుతుంది, ఇంకో ప్రాణితో ఎలా పొత్తు కలుపుతుంది అన్న విషయాల్లో మాత్రం భూమ్మీద తెలిసిన శాస్త్రాన్ని దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ఏది నిజమో, ఏది నా ఊహో జవాబుల్లోనే చెబుతాను.

అసలు తొర్రవాసులు ఎలా ఉంటారు?

బరువు పది కిలోలు. నిలబడితే మన నడుము దాకా వస్తారు. నాలుగు చేతులు, రెండు కురచ కాళ్లు. చర్మం ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఎండలో ఎక్కువసేపు ఉండలేరు, పనులన్నీ రాత్రిపూటే. వీపు మధ్యలో అరచేయంత మెత్తటి మచ్చ ఉంటుంది. దాన్ని అంటు అంటారు. అది పెద్దవాళ్లకే వస్తుంది. చెట్టుతో ఇచ్చిపుచ్చుకోవడం అంతా దాని ద్వారానే జరుగుతుంది.

తొర్ర పడిందంటే చెట్టు పాడైపోయినట్టే కదా? అలాంటి చెట్టు వాళ్లను ఎలా పోషిస్తుంది?

పాడైపోయినట్టు కాదు. మన ఊళ్లో ఈ అపోహ వల్లే మంచి మంచి చెట్లు గొడ్డలి పాలవుతున్నాయి కాబట్టి దీనికి కాస్త వివరంగా జవాబు చెప్తాను.

ముదిరిన చెట్టులో ప్రాణం ఉండేది బయటి పొరల్లో. బెరడు కింద చాలా పలచని పొర ఒకటి ఉంటుంది. కొత్త చెక్కను, కొత్త బెరడును తయారుచేసేది అదే. దానికి లోపలి వైపున్న లేత చెక్కలోంచి నీరు పైకి వెళ్తుంది. బయటి వైపు నుంచి ఆకులు చేసిన చక్కెర కిందికి దిగుతుంది. నడిమధ్యనున్న చేవలో బతికున్న కణాలు ఉండవు. అది చెట్టుకు బలం ఇస్తుంది, అంతవరకే. శిలీంధ్రాలో చెదలో ఆ చేవను తినేసి లోపల డొల్ల చేసినా, చుట్టూ గోడ తగినంత మందంగా మిగిలితే చెట్టు ఏళ్ల తరబడి చిగురిస్తూ, కాస్తూ ఉంటుంది. పాత చింతచెట్ల మొదళ్లు చూడండి, మనిషి దూరేంత తొర్ర ఉన్నా పైన కాయలు విరగకాస్తుంటాయి.

1976లో డేనియల్ జాన్జెన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేశారు. ఉష్ణమండలపు చెట్ల మధ్యభాగం కుళ్లిపోవడం చెట్టుకు నష్టం కాకపోవచ్చు, లాభమే కావచ్చు అని ప్రతిపాదించారు. తొర్రలో గబ్బిలాలు, పక్షులు, చిన్న జంతువులు చేరతాయి. వాటి రెట్ట, పెంట లోపలే పడతాయి. ఆ ఎరువు అందరికంటే ముందు అందేది ఆ చెట్టు వేళ్లకే. అది ప్రతిపాదనే, అన్ని చెట్లకూ వర్తిస్తుందని తేలిన విషయం కాదు. అయినా నాకు తొర్రవాసుల ఊహ పుట్టింది అక్కడే.

రెండో ఆధారం మన గోల్కొండలో ఉంది. నయాఖిల్లాలోని బావోబాబ్ చెట్టును అక్కడివాళ్లు హాథియాన్ కా ఝాడ్ అంటారు. ఆఫ్రికా జాతి చెట్టు. కుతుబ్‌షాహీల కాలంలో వచ్చిందని చెబుతారు. చుట్టుకొలత 27 మీటర్ల దాకా ఉంటుంది. లోపలి తొర్రలో దొంగలు దాక్కునేవారని కథలు కూడా ఉన్నాయి. బావోబాబ్‌ల తొర్రల్లో ఒక విశేషం ఉంది. చాలాచోట్ల అవి కుళ్లి ఏర్పడినవి కావు. పక్కపక్కన మొలిచిన కాండాలు వలయంలా కలిసిపోయి మధ్యలో ఖాళీని మూసేస్తాయి. అందుకే అలాంటి తొర్రలో లోపలి గోడలకు కూడా బెరడు ఉంటుంది. తల్లిమానును నేను ఇలాగే కట్టాను. తొర్ర లోపలా బెరడే, దాని కింద ప్రాణమున్న పొర. అంటు పెట్టాలంటే ప్రాణమున్న పొర కావాలి, ఎండిన చేవ పనికిరాదు.

ఇంత తంటా ఎందుకు? వాళ్ల చర్మమే ఆకుపచ్చగా ఉండి ఎండతో బతికితే సరిపోదా?

లెక్క కుదరదు. ఈ లెక్క నాకు చాలా ఇష్టం, కాగితం మీద మీరూ వేసి చూడండి.

రాత్రీ పగలూ కలిపి సగటు తీస్తే మన దగ్గర చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు 200 వాట్లు. మామూలు మొక్కలు అందులో ఒక శాతం అటూ ఇటూగా మాత్రమే ఆహారంగా మార్చుకుంటాయి. అంటే చదరపు మీటరుకు రెండు వాట్లు. మనిషి ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి 80 వాట్ల దాకా కావాలి. మనిషి చర్మం మొత్తం రెండు చదరపు మీటర్లకు మించదు, అందులో ఒకేసారి ఎండ తగిలేది సగమే. ఎలా చూసినా నడిచే జంతువుకు చాలదు. ఎలైసియా క్లోరోటికా అనే సముద్రపు నత్తజాతి జీవి నాచు నుంచి పత్రహరిత రేణువులను దొంగిలించి ఒంట్లో దాచుకుంటుంది. అది కూడా ఆకులా చదునుగా ఉండి, చాలా నిదానంగా కదిలే జీవి.

ఇప్పుడు చెట్టు లెక్క చూద్దాం. కొమ్మల గొడుగు నీడ వంద చదరపు మీటర్లు అనుకుంటే, పైన చెప్పిన లెక్కలోనే 200 వాట్లు వస్తాయి. అందులో సగం దాకా చెట్టు తన ఊపిరికే ఖర్చు పెట్టుకుంటుంది. పదో వంతు, అంటే 20 వాట్లు, అతిథికి ఇవ్వగలదనుకుందాం. ఇది గొంతెమ్మ కోరిక కాదు. భూమ్మీద చాలా చెట్లు తమ వేళ్లతో పొత్తు కలిపిన శిలీంధ్రాలకు దాదాపు అంత వాటా చక్కెర ఇస్తూనే ఉన్నాయి. పది కిలోల వేడి రక్తపు జంతువుకు సుమారు 19 వాట్లు కావాలి. అంటే ఒక చెట్టుకు ఒక్క ప్రాణి. అదే చల్లరక్తపు జీవి అయితే అందులో పదో వంతు చాలు. అందుకే తొర్రవాసులు చల్లరక్తం వాళ్లు, ఒక మానులో పదిమంది దాకా ఉంటారు. ఆ పదిమందే ఒక ఇల్లు.

మరి చెట్టుకేం ఒరుగుతుంది?

ప్రధానంగా నత్రజని, భాస్వరం. ఆ గ్రహం నేలను నేను మన చెల్క నేలల్ని చూసి ఊహించాను. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అలాంటి రాయి అరిగి ఏర్పడిన ఎర్రనేలల్లో నీరు నిలవదు, నత్రజని, భాస్వరం తక్కువ. చెట్టుకు ఎండ పుష్కలం, కాబట్టి చక్కెర చేసుకోవడం దానికి కష్టం కాదు. కష్టమంతా ఈ ఖనిజాలు సంపాదించడమే. వాటి కోసం అది కదలలేదు.

తొర్రవాసులు కదలగలరు. చక్కెరతో ఒంట్లో శక్తి వస్తుంది కానీ కండ పెరగదు. అందుకని రాత్రిళ్లు దిగి, వాగు ఒడ్డున పురుగులు, పీతల్లాంటి జీవుల్ని తిని తెల్లారేలోపు తిరిగొస్తారు. మలమూత్రాలు తొర్ర అడుగునే వదులుతారు, బయట ఎక్కడా వదలరు. వాళ్ల సమాజంలో అంతకు మించిన తప్పు లేదు. దూరప్రయాణం వెళ్లినవాళ్లు దాన్ని ఎండిన సొరకాయ బుర్రలో నింపి తెస్తారు. పిల్లలు ఇది చదివి నవ్వుతారు, నవ్వనివ్వండి. కానీ ఆ ఇంటి బతుకు నిలబడింది దాని మీదే.

ఇవికాక బెరడు తొలిచే పురుగుల్ని ఏరేస్తారు, విత్తనాలు మోస్తారు.

అంటు దగ్గర చెట్టు రసం, వాళ్ల రక్తం కలిసిపోతాయా?

కలవవు. మామిడికి అంటు కట్టేటప్పుడు కూడా రెండు కొమ్మల పచ్చిపొరలు సరిగ్గా ఆనితేనే అతుకుతాయి, అదీ దగ్గరి జాతులైతేనే. మామిడి కొమ్మను వేపకు కడితే అతకదు. ఇక జంతువుకు, చెట్టుకు అతుకు అసాధ్యం.

నేను తీసుకున్న నమూనా వేళ్లలో ఉండే శిలీంధ్రాలది. మైకోరైజా అని 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టారు. వాటిలో ఒక రకం శిలీంధ్రం వేరు కణం గోడను దాటి లోపలికి వెళ్లి చిన్న చెట్టులా కొమ్మలు వేస్తుంది. అయినా కణం పైపొర చిరగదు, దాని చుట్టూ ఒదిగిపోతుంది. ఆ పలచని పొరల మీదుగా భాస్వరం ఒకవైపు, చక్కెర ఇంకోవైపు వెళ్తాయి. ఈ పొత్తు 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో కూడా కనబడింది. మొక్కలు నేల మీద బతకడం మొదలుపెట్టిన తొలిరోజుల నుంచీ ఉందన్నమాట. తల్లి కడుపులో మావి దగ్గర కూడా ఇంతే, తల్లి రక్తం బిడ్డ రక్తం కలవకుండానే బిడ్డకు తిండి అందుతుంది. తొర్రవాసి వీపును గోడకు ఆనించి పడుకున్నప్పుడు జరిగేది అదే.

ఇద్దరిలో యజమాని ఎవరు? చెట్టా, వాళ్లా?

ఎక్కువమంది అడిగేది ఇదే. చెట్టు కరుణామయి, తొర్రవాసులు దాని బిడ్డలు అని రాస్తే చదవడానికి బాగుంటుంది. నేను అలా రాయలేదు, రాయను. సహజీవనం అంటే ప్రేమ అని అనుకోవడం వల్ల చెట్లకు మేలు జరగదు. రెండు వైపులా కాదనే శక్తి ఉన్నప్పుడే పొత్తు నిలబడుతుంది.

సోయాచిక్కుడు వేళ్ల బుడిపెల్లో రైజోబియం అనే బ్యాక్టీరియా ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. 2003లో టోబీ కియర్స్ బృందం ఒక ప్రయోగం చేసింది. కొన్ని బుడిపెల చుట్టూ గాలిలో నత్రజని లేకుండా చేసి, బ్యాక్టీరియా పని చేయలేని పరిస్థితి కల్పించారు. మొక్క ఆ బుడిపెలకు ఆక్సిజన్ తగ్గించేసింది, అక్కడి బ్యాక్టీరియా సరిగా పెరగలేదు. మొక్కకు మెదడు లేదు, కోపం లేదు. కానీ ఎవరు ఇస్తున్నారో, ఎవరు ఇవ్వడం లేదో తేల్చే ఏర్పాటు ఉంది.

తల్లిమాను కూడా అంతే. తొర్ర గోడ మీద ఒక్కొక్కరికి ఒక్కో చోటు ఉంటుంది. ఆ చోటు కింద పడే ఎరువు తగ్గితే అక్కడ చక్కెర పలచబడుతుంది. సోమరికి పస్తు. అటు తొర్రవాసులకూ ఒక హక్కు ఉంది. వరుసగా రెండు తడికాలాలు చక్కెర రాకపోతే ఇల్లంతా కలిసి మాను వదిలి వెళ్లిపోవచ్చు. అలా వెళ్లినవాళ్లలో చాలామంది బతకరు, వాళ్లు వదిలిన మానూ ఎక్కువ కాలం నిలవదు. ఆ సంగతి తెలుసు కాబట్టే అంత దూరం రానివ్వరు.

శత్రువులు లేని చోట ఈ పొత్తు ఎలా ఉంటుంది?

సడలిపోతుంది. కెన్యాలో ఒక తుమ్మజాతి చెట్టు ముళ్ల బుడిపెల్లో చీమలకు ఇల్లిచ్చి, తేనె పోస్తుంది. చీమలు ఏనుగుల్ని, జిరాఫీల్ని దగ్గరికి రానివ్వవు. కంచె కట్టి పెద్ద జంతువులు రాకుండా చేస్తే ఏళ్లు గడిచేకొద్దీ చెట్లు బుడిపెలు, తేనె తగ్గించేశాయి. కాపలా చీమలు తగ్గి, మేలు చేయని చీమలు చేరాయి, తొలిచే పురుగులు పెరిగాయి, చెట్లకే నష్టం జరిగింది. 2008లో ఈ అధ్యయనం వచ్చింది. నా రెండో కథలో పురుగులు లేని దీవికి వలస వెళ్లిన ఇంటికి పట్టిన గతి ఇక్కడి నుంచే తీసుకున్నాను.

తల్లిమాను వాళ్లతో మాట్లాడుతుందా?

మాటలు లేవు. గాయమైతే చెట్టులో సంకేతాలు పరుగెడతాయి, అది నిజం. 2018లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు ఒక చిన్న మొక్క ఆకును పురుగు కొరికినప్పుడు కాల్షియం అల దూరపు ఆకుల దాకా పాకడాన్ని కెమెరాలో పట్టుకున్నారు. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే జగదీశ్ చంద్ర బోస్ మొక్కల్లో విద్యుత్ స్పందనల్ని కొలిచారు. తొర్రవాసులు అంటు ద్వారా ఇలాంటి మార్పుల్ని పసిగడతారు. రసం ఉప్పగా మారితే వేళ్లకు నీరు అందడం లేదని, వగరుగా మారితే పురుగు పడిందని వాళ్లకు తెలుస్తుంది. అంతకు మించి చెట్టు కథలు చెప్పదు.

అడవిలో చెట్లన్నీ శిలీంధ్రాల తీగలతో కబుర్లు చెప్పుకుంటాయన్న మాట బాగా ప్రచారమైంది. సుజాన్ సిమార్డ్ 1997లో రెండు జాతుల మొక్కల మధ్య కార్బన్ మారడాన్ని చూపించిన మాట వాస్తవం. అయితే అడవుల్లో దాని ప్రభావం గురించి చెప్పేవాటిలో చాలావాటికి ఆధారాలు చాలవని 2023లో ఇతర శాస్త్రవేత్తలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అందుకే తల్లిమానుల మధ్య కబుర్లు నేను పెట్టలేదు.

పిల్లలు ఎలా పుడతారు? కొత్త చెట్టు ఎలా వస్తుంది?

తడికాలంలో తొర్ర అడుగున నీళ్లు నిలుస్తాయి, గుడ్లు అందులోనే పెడతారు. పిల్లలు పెద్దయ్యాక ఏదో ఒక గోడ మీద చోటు దొరికితేనే అంటు వస్తుంది. చోటు ఖాళీ కావాలంటే ఎవరైనా చనిపోవాలి, లేదా కొత్త మానులో తొర్ర ఏర్పడాలి. తొర్ర ఏర్పడటానికి వందేళ్లు పైనే పడుతుంది. కాబట్టి తాను నాటిన మానులో ఎవరూ నివసించలేరు. మునిమనవడు నివసిస్తాడు. ఏ తొర్రవాసీ తన కోసం చెట్టు నాటుకోడు. ఆ గ్రహం మీద ఆస్తి, వారసత్వం, అప్పు అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి. ఇంటి పెద్దను నువ్వెవరి మనవడివి అని అడగరు, ఎవరు నాటిన మానులో ఉన్నావు అని అడుగుతారు.

ఆ చెట్టు వాళ్లకు దేవతా?

కాదు. దసరాకు మనం జమ్మికి మొక్కుతాం, ఆకు చేతిలో పెట్టి బంగారం అంటాం, పెద్దవాళ్ల కాళ్లకు దండం పెడతాం. అది మన పద్ధతి, నాకు ఇష్టమైన పద్ధతి. తొర్రవాసులకు చెట్టు ఇంట్లో మనిషే. మొక్కరు, బాకీ ఉంచుకోరు.

మాను చనిపోతే వాళ్లూ చనిపోతారా?

వెంటనే కాదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతో ఒక ఎండాకాలం గడుపుతారు. ఆలోపు పక్క ఇళ్లవాళ్లు తలా ఒకరిని తీసుకుంటారు. ముసలి చెట్టుకు వైద్యం చేయడం వాళ్లకు పెద్ద విద్య. ఇది చదివి నమ్మశక్యంగా లేదన్నవాళ్లకు నేను మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గురించి చెప్తుంటాను. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రికి చెదలు పడితే, 2018లో అటవీ సిబ్బంది కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఒరిగిన కొమ్మలకు దన్నుగా స్తంభాలు కట్టారు. మనవాళ్లు నిజంగా చేసిన పని అది.

2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతూ వచ్చినప్పుడు కూడా చాలామంది టెన్షన్ పడి ఫోన్లు చేశారు, చెట్లు కొట్టేయాలా అని. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురించాయి.

తొర్రవాసులు హైదరాబాద్ వస్తే ఏ చెట్టు ఎంచుకుంటారు?

ఖచ్చితంగా చెప్పాలంటే ఏ చెట్టుతోనూ కుదరదు. భూమ్మీది ప్రాణులన్నీ తమ మాంసకృత్తుల్ని ఎడమచేతి వాటం అమైనో ఆమ్లాలతో కట్టుకుంటాయి, చక్కెరలు కుడిచేతి వాటంవి. వేరే గ్రహం మీద ఇది తిరగబడి ఉంటే మన చెట్టు రసం వాళ్లకు తిండి కాదు. పైగా అంటు అనేది లక్షల ఏళ్లు కలిసి మారితే వచ్చేది, విమానం దిగగానే కుదిరేది కాదు.

రసాయనం కలిసింది, చేవ పోయి పడిన తొర్రలోనూ అంటు కుదిరింది అనే అనుకుందాం. మర్రి, రావి, మేడి వద్దంటారు, వాటి పాలు జిగురు. పచ్చతురాయి, గుల్‌మొహర్ గాలివానకు పడిపోతాయి. నేనైతే చింతచెట్టు చూపిస్తాను. నిదానంగా పెరుగుతుంది, శతాబ్దాలు బతుకుతుంది, ముదిరితే తొర్ర పడుతుంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికే తీసుకెళ్తాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టే ఇల్లుగా బతికేవాళ్లకు ఈ ఊరి గురించి చెప్పాలంటే అంతకంటే మంచి చోటు నాకు తోచదు.

ఒక చెట్టు కొట్టి పది మొక్కలు నాటితే సరిపోతుందని మీ కథలో అంటే తొర్రవాసులు ఎందుకంత కోపం తెచ్చుకుంటారు?

వాళ్ల లెక్కలో ఒక తొర్ర పోతే పదిమంది కుటుంబసభ్యుల ఇల్లు పోయింది. పది మొక్కల్లో ఎన్ని తొర్రలున్నాయి? ఒక్కటీ లేదు. వందేళ్ల దాకా ఉండదు. ఆ మధ్యకాలంలో ఎక్కడుండాలి?

ఇది నేను కథ కోసం అల్లిన కోపం కాదు. మన ఊళ్లో కంసాలి పిట్ట మెత్తబడిన కొమ్మను తొలిచి గూడు చేసుకుంటుంది. రామచిలుకలు, చిన్న గుడ్లగూబలు పాత తొర్రల్ని వెతుక్కుంటాయి. వాటిలో ఏదీ నర్సరీ మొక్కలో గుడ్లు పెట్టలేదు. మొక్కలు నాటొద్దని అనడం లేదు. తెలంగాణలో 2015 నుంచి హరితహారం పేరుతో నాటిన మొక్కలు వీధి వీధినా నీడనిస్తున్నాయి, సంతోషం. అయితే అవి రేపటి లెక్క. చేవెళ్ల రోడ్డు వెంట దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేయాలా, ఉంచాలా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది. వేళ్లతో సహా పెకలించి ఇంకోచోట నాటే పద్ధతి ఉంది, కొన్ని చెట్లు బతుకుతాయి కూడా. కానీ అలా తీసేటప్పుడు వేళ్లలో చాలా భాగం తెగిపోతుంది, కొమ్మలు నరికేస్తారు. కొమ్మల్లో గూళ్లు, తొర్రల్లో ఉండేవాళ్లు, వేళ్ల చుట్టూ అల్లుకున్న శిలీంధ్రాలు చాలావరకు పాతచోటే ఆగిపోతాయి. తరలింది కాండం. అందుకే నా కథలో ముసలి తొర్రవాసి ఇంజనీరును అడిగే ప్రశ్న ఒక్కటే: చెట్టును తీసుకెళ్తున్నావు సరే, దాని చుట్టాల్ని ఎప్పుడు తీసుకెళ్తావు?

మా కథల్లో తొర్రవాసుల్ని వాడుకోవచ్చా?

వాడుకోండి. పేర్లు, రూపం మార్చుకున్నా పర్వాలేదు. తొర్ర ఒక్క రాత్రిలో ఏర్పడినట్టు మాత్రం రాయొద్దని మనవి.

మా పాప బొమ్మ వేస్తానంటోంది. రంగులు చెప్పండి.

వాళ్ల సూర్యుడు మనదానికంటే చిన్నది, నారింజ రంగులో ఉంటుంది. ఆకులు ఆ కాంతిని వీలైనంత పట్టుకోవాలి. నేరేడుపండు రంగు వేయమనండి. కొత్త చిగురు మాత్రం రావిచిగురులా రాగిరంగు. బెరడు బూడిదరంగు, తొర్ర అంచు నున్నగా, రాకపోకలతో అరిగిపోయి ఉండాలి. తొర్రవాసుల ఒంటికి తడిమట్టి రంగు, వీపు మీద అంటుకు లేత గులాబీ. పిల్లలకు ఆ గులాబీ మచ్చ వేయకూడదు, ఇంకా రాలేదు కదా.